తిరువళ్ళూరు లాన్సరుకు ఇంటి వైద్యం

ముందు భాగాన మూడు వజ్రాల గుర్తు కలిగిన మిత్సుబిషి లాన్సర్ కారు సరిహద్దు గ్రామాలకు పరాయి వస్తువు కాదు. పేరు జపానుదే అయినా ఆ కారు తయారైనది తిరువళ్ళూరు సమీపాన, కడంబత్తూరు ప్రాంతంలోని అదిగత్తూరు వద్ద గల హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో. మిత్సుబిషి సంస్థ సాంకేతిక సహకారంతో 1998లో అది మన దేశపు విపణిలోకి వచ్చింది. 2006లో దాని తరువాతి తరమైన సెడియా వచ్చింది. 2010 దశకపు తొలి సంవత్సరాలలో ఈ కార్ల తయారీ నిలిచిపోయింది.

ఆ తరువాత కర్మాగారం పలు చేతుల పనికి ఉపయోగపడింది. ఇసుజు సంస్థ తన వాహనాలను కొంతకాలం అక్కడే తయారు చేయించుకుని, 2016 ఏప్రిల్‌లో సత్యవేడు సమీపాన శ్రీసిటీలో సొంత కర్మాగారాన్ని ప్రారంభించుకుంది. 2017లో ఫ్రాన్సు దేశపు పి.ఎస్.ఎ. సంస్థ సి.కె. బిర్లా సముదాయంతో చేతులు కలిపింది. 2021 నుండి తిరువళ్ళూరులో సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి. మిత్సుబిషి కొత్త కార్లు నేడు మన దేశంలో అమ్మకంలో లేవు. అనగా లాన్సరును కన్న ఇల్లు వేరు కార్లకు నిలయమైంది. కారు మాత్రం ఇంకా రోడ్డు మీద ఉన్నది.

తయారు చేసిన వారు అమ్మకం మానివేసిన కారును నమ్ముకున్న కుటుంబానికి రెండు చిక్కులు ఉంటాయి. మొదటిది, విడిభాగం సులువుగా దొరకదు. రెండవది, ఆ కారు తెలిసిన మెకానిక్కుల సంఖ్య ఏటేటా తగ్గుతుంది. కనుక కారును గురించిన జ్ఞానం కొంతైనా ఇంటివారి వద్ద ఉండక తప్పదు. ఏ పని ఇంటిలో చేసుకోవచ్చును, ఏ పని చేసుకోరాదు, ఏది ముందు, ఏది తరువాత అన్న మూడు సంగతులు తెలిసినవారికి పాత లాన్సర్ భారం కాదు. తెలియనివారికి అది డబ్బును, ఒక్కొక్కసారి ప్రాణాన్ని కూడా తీసుకుంటుంది.

పరుగు పందేల వంశం

లాన్సరును స్పోర్ట్స్ కారు అని పలువురు పిలుస్తారు. కచ్చితంగా చెప్పాలంటే అది నాలుగు తలుపుల కుటుంబపు కారే. అయితే దాని వంశంలో పరుగు ఉన్నది. ఫిన్లాండు దేశపు డ్రైవరు టామీ మాకినెన్ 1996 నుండి 1999 వరకు వరుసగా నాలుగు సార్లు ప్రపంచ ర్యాలీ విజేతగా నిలిచినది లాన్సర్ ఎవల్యూషన్ కార్లతోనే. తిరువళ్ళూరు జిల్లాకు కూడా పందేలు కొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు షోలవరం విమాన మైదానంలో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు పందేలు నిర్వహించింది. శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేక పందెపు దారి 1990లో సిద్ధమైంది.

కాని పేరు ఒకటైనంత మాత్రాన యంత్రం ఒకటి కాదు. ఎవల్యూషన్ కారుకు 2 లీటర్ల టర్బో యంత్రం, నాలుగు చక్రాలకూ చోదక శక్తి ఉంటాయి. తిరువళ్ళూరులో తయారైన పెట్రోలు లాన్సరుకు 1468 ఘనపు సెంటీమీటర్ల సాధారణ యంత్రం, ముందు చక్రాలకు మాత్రమే చోదక శక్తి ఉంటాయి. డీజిల్ రకానికి 1998, సెడియాకు 1999 ఘనపు సెంటీమీటర్ల యంత్రాలు ఉన్నాయి. యువకులు కొందరు ఎవల్యూషన్ బొమ్మలు చూసి పాత లాన్సరుకు పెద్ద సైలెన్సర్, వెడల్పు టైర్లు, కుదించిన స్ప్రింగులు తగిలించాలని ఉబలాటపడతారు. ఇరవై ఏళ్ళు దాటిన కారుకు వేగం పెంచడం కంటే ముందు ఆగడం నేర్పాలి. అంతేకాక తయారీదారు నిర్దేశించిన మౌలిక వివరాలు మారిపోయేలా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తున్నది.

కనుక పాత కారు మరమ్మతులో పాటించవలసిన వరుస ఇది: మొదట ఆగడం, తరువాత చల్లబడడం, ఆపై రబ్బరు భాగాలు, అటుపిమ్మట ఇంధనం, విద్యుత్తు. రంగు, అలంకారం, వేగం అన్నిటికంటే చివర.

పనికి ముందు జాగ్రత్తలు

ఇంటి ముంగిట కారు పని చేయదలచినవారికి గట్టి, చదునైన నేల కావాలి. మట్టి నేలలో జాకీ దిగబడుతుంది. కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చుకోవడానికి మాత్రమే పనికివస్తుంది. జాకీ ఒక్కదానిపై నిలిచిన కారు కిందికి ఎవ్వరూ దూరరాదు. కిందికి వెళ్ళవలసిన పని ఉంటే ఇనుప స్టాండ్లు రెండు కొని, కారుతో వచ్చిన పుస్తకం చూపిన చోట్ల నిలబెట్టాలి. నేలపై ఉన్న చక్రాలకు ముందు వెనుకల చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాలి. ఇటుకలను, సిమెంటు దిమ్మెలను స్టాండ్లకు బదులుగా వాడరాదు. బరువు ఒక వైపు పడితే అవి హఠాత్తుగా పగిలిపోతాయి.

మిల్లీమీటరు కొలతల పానాల జత, రించి, స్క్రూ డ్రైవర్లు, టైరు గాలి కొలిచే గేజీ, చిన్న మల్టీమీటరు, చేతి దీపం ఉంటే ఇంటి పనులలో చాలావరకు సాగుతాయి. నట్టును ఎంత బిగించాలో చూపే టార్క్ రించి కూడా ఉంటే మంచిది. అల్యూమినియం భాగంలోని మరను బలం కొద్దీ బిగిస్తే అది చెడిపోతుంది. పది నిమిషాల పని లేత్ షెడ్డు దాకా పోతుంది.

ఆగడం మొదటి పని

పాత కారు కొన్నవారు మొదట చూడవలసినవి బ్రేకులు. ముందు చక్రాల డిస్కులను పట్టుకునే ప్యాడ్ల మందం చక్రం విప్పితే కనిపిస్తుంది. పట్టు పదార్థం 3 మిల్లీమీటర్లకు తగ్గినట్లయితే మార్చివేయడం క్షేమం. మార్చేటప్పుడు ఎడమ కుడి చక్రాలకు రెండింటికీ కలిపి మార్చాలి. ఒక వైపు కొత్తవి, ఒక వైపు పాతవి ఉంటే బ్రేకు వేసినపుడు కారు పక్కకు లాగుతుంది. వెనుక డ్రమ్ములు విప్పినపుడు వచ్చే ధూళిని నోటితో ఊదరాదు, గాలి పంపుతో కొట్టరాదు. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార ఉండే అవకాశం ఉన్నది. తడి గుడ్డతో తుడవడమే సరైన పద్ధతి.

చాలామంది మరచిపోయేది బ్రేకు నూనె. ఇది గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. డాట్ 3 రకపు కొత్త నూనె కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4 రకానికి ఆ హద్దులు 230, 155 డిగ్రీలు. తిరుమల కొండ దిగేటప్పుడు బ్రేకు మీదనే కాలు ఉంచి నడిపితే ప్యాడ్లు కాగి, ఆ వేడి నూనెకు చేరుతుంది. నూనె మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది, కారు ఆగదు. అందువలన రెండేళ్ళకు ఒకసారి నూనె పూర్తిగా మార్చించాలి. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి.

ఈ నూనె పెట్టెలో మట్టం చూడడం, గొట్టాల వద్ద చెమ్మ ఉన్నదేమో చూడడం ఇంటివారి పని. మట్టం తగ్గినదంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. కారణం చూడకుండా పైన పోసి మూత పెట్టడం రోగాన్ని దాచడమే. పైపులు విప్పడం, గాలి తీయడం వంటి పనులు మాత్రం అనుభవజ్ఞుని చేతిలో జరగాలి. సిలికాన్‌తో చేసిన డాట్ 5 రకాన్ని ఈ నూనెలతో ఎన్నడూ కలపరాదు.

టైర్లు కూడా ఆగడంలో భాగమే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గరాదని మన దేశపు నిబంధన. అయితే తక్కువగా తిరిగే పాత కార్లలో గాడి మిగిలి ఉండగానే టైరు ముసలిదవుతుంది. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైనదని అర్థం. పదేళ్ళు దాటిన టైరును, చూడడానికి ఎంత బాగున్నా, తీసివేయాలి. డిక్కీలోని స్టెప్నీ అంకెలను కూడా ఇదే విధంగా చూసుకోవాలి. చక్రం బిగించేటప్పుడు నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగించి, 50 నుండి 100 కిలోమీటర్లు నడిచిన తరువాత మరొకసారి చూడాలి.

చల్లగా ఉంటేనే యంత్రం బ్రతుకుతుంది

చిత్తూరు, తిరువళ్ళూరు ప్రాంతాల ఎండలలో పాత యంత్రానికి మొదటి శత్రువు వేడి. పెట్రోలు లాన్సర్ యంత్రం అడుగు దిమ్మె ఇనుము, పై భాగం అల్యూమినియం. వేడి హద్దు మీరితే పై భాగం వంగుతుంది. రెండింటి మధ్యనున్న హెడ్ గాస్కెట్ కాలిపోతుంది. వంద రూపాయల గొట్టం పగులును ఉపేక్షించినందుకు యంత్రం మొత్తం విప్పవలసి రావడం ఈ విధంగానే జరుగుతుంది.

రేడియేటరులో బోరు నీరు పోయడం మన గ్రామాలలో పాత అలవాటు. బోరు నీటిలోని లవణాలు సన్నని గొట్టాలలో పొరలుగా పేరుకుంటాయి. అల్యూమినియాన్ని తుప్పు తింటుంది. శుద్ధ జలం, కూలెంట్ చెరి సగం కలిపి పోయడమే ఉచితం. కలిపి అమ్మే డబ్బాలలో మరల నీరు కలపనక్కరలేదు. కూలెంట్ తియ్యగా ఉండే విషం. పారబోసిన కూలెంటును కుక్క, దూడ నాకినా ప్రమాదమే, పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. దానిని మూత గల సీసాలో, అందని చోట దాచాలి.

వేడిగా ఉన్న రేడియేటర్ మూతను తీయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో ఉండి, మూత తీయగానే మరుగుతూ ముఖం మీదికి చిమ్ముతుంది. యంత్రం చేతికి చల్లగా తగిలే వరకు ఆగిన తరువాతనే, మందపాటి గుడ్డ కప్పి తీయాలి.

దారిలో ఉష్ణమాపక సూచి పైకి ఎక్కినట్లయితే ఇంటికి చేరుకుందామని ఆశపడక పక్కకు ఆపాలి. ఆపడానికి చోటు దొరికే వరకు ఎ.సి. కట్టివేసి, లోపలి వేడిగాలి మీటను పూర్తిగా తిప్పితే యంత్రపు వేడి కొంత తగ్గుతుంది. నూనె మూత కింద తెల్లని నురగ, గొట్టం కారకుండానే కూలెంట్ తగ్గడం, వేడెక్కిన తరువాత కూడా సైలెన్సర్ నుండి తెల్లని పొగ ఆగకుండా రావడం అనే మూడు గుర్తులు కనిపిస్తే గాస్కెట్ దెబ్బతిన్నదని అనుమానించి మెకానిక్కును పిలవాలి.

రబ్బరుకు వయస్సే లెక్క

పాత కారు అమ్మేవారు తక్కువ కిలోమీటర్లు తిరిగినదని గొప్పగా చెబుతారు. ఇనుముకు అది మంచి మాటే. రబ్బరుకు మాత్రం కాదు. గొట్టాలు, బెల్టులు, బుష్‌లు, చక్రపు ఇరుసుల తొడుగులు తిరిగినా తిరగకున్నా ఎండకు, వేడికి ముదురుతాయి. చల్లని యంత్రంపై గొట్టాన్ని వేళ్ళతో నొక్కి చూడాలి. గట్టిగా, పెళుసుగా ఉన్నా, బంకలా మెత్తబడినా, క్లిప్పు వద్ద ఉబ్బినా మార్చివేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది టైమింగ్ బెల్టు. లాన్సర్, సెడియా యంత్రాలలో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపేది ఈ పళ్ళ బెల్టే. అది తెగితే యంత్రం అక్కడికక్కడే ఆగుతుంది. వాల్వులు పిస్టన్లను తాకి వంగిపోతే ఖర్చు కారు వెలను మించవచ్చు. ఇది తెగే ముందు శబ్దం చేసి హెచ్చరిస్తుందని నమ్మరాదు. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కారు పుస్తకంలో ఉంటుంది. పాత యజమాని ఎప్పుడు మార్చినాడో రుజువు లేని పక్షంలో మార్చలేదనే భావించి, కారు కొన్న వెంటనే మార్పించాలి. బిగువు నిలిపే టెన్షనరు, దారిలో ఉన్న వాటర్ పంపు కూడా అప్పుడే మార్చినట్లయితే కూలి ఒక్కసారితో పోతుంది. ఈ పని ఇంటిలో చేయదగినది కాదు. ఒక్క పన్ను తప్పినా యంత్రం దెబ్బతింటుంది.

నూనె, ఫిల్టరు, గాలి ఫిల్టరు, ప్లగ్గులు మార్చడం మాత్రం ఇంటివారు నేర్చుకోదగిన పనులే. నూనె గ్రేడును కారు పుస్తకం చూసి కొనాలి. పాత యంత్రానికి 5,000 కిలోమీటర్లకు లేదా ఆరు నెలలకు ఒకసారి నూనె మార్చడం అతి జాగ్రత్త అనిపించుకోదు. ప్లగ్గులను చల్లని యంత్రం మీదనే విప్పాలి, మొదట వేళ్ళతోనే ఎక్కించి ఆ తరువాతనే పానా పెట్టాలి. తీసిన పాత నూనెను చేను గట్టు మీద, కాలువలో, బావి పక్కన పోయరాదు. కొద్దిపాటి నూనె చాలా నీటిని పాడు చేస్తుంది. డబ్బాలో పట్టి, పాత నూనె సేకరించే వర్క్‌షాపుకు ఇవ్వాలి.

కొత్త పెట్రోలు, పాత గొట్టాలు

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్రం 2030 నుండి 2025కు ముందుకు జరిపింది. ఆ లక్ష్యం 2025లో నెరవేరింది. లాన్సర్ తయారైన నాటికి ఇట్టి పెట్రోలు మన బంకులలో లేదు. ఇథనాల్ పాత రకపు రబ్బరును ఉబ్బించగలదు, లోహానికి తుప్పు తేగలదు. కొన్ని పాత వాహనాలలో 20,000 నుండి 30,000 కిలోమీటర్లు నడిచిన తరువాత కొన్ని రబ్బరు భాగాలను, గాస్కెట్లను మార్చవలసి రావచ్చునని కేంద్ర పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో వివరణ ఇచ్చింది.

దీని వలన భయపడనక్కరలేదు, అశ్రద్ధ మాత్రం కూడదు. ఇథనాలును తట్టుకునే ఇంధన గొట్టాలను ఒకసారి మార్పించి, ఆపై నెలకొకసారి వాసన, చెమ్మ గమనించాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. వానాకాలంలో నెలల తరబడి కదలని కారు ట్యాంకులో నీరు చేరితే అది ఇథనాలుతో కలిసి అడుగుకు దిగుతుంది. కనుక కారును వారానికి ఒకసారైనా ఇరవై నిమిషాలు రోడ్డుపై నడపడం మంచిది. పెట్రోలు వాసన కారు లోపలికి వచ్చినట్లయితే తాళం తిప్పరాదు. ఇంజెక్షన్ యంత్రాలలో గొట్టం లోపల ఒత్తిడి నిలిచి ఉంటుంది కనుక ఆ గొట్టాలను ఇంటిలో విప్పరాదు.

ఎలుకలు, ఫ్యూజులు, బ్యాటరీ

పల్లెలో నిలిపిన కారుకు తుప్పు కంటే ముందు ఎలుక హాని చేస్తుంది. వడ్ల బస్తాలు, దాణా ఉన్న కొట్టంలో కారు నిలపరాదు. బానెట్ లేపి, కొరికిన తీగలు, గూడు కట్టిన పీచు ఉన్నాయేమో వారానికొకసారి చూడాలి.

ఫ్యూజు పోయినపుడు అదే విలువ గల ఫ్యూజు పెట్టాలి. 10 ఆంపియర్లకు ఎరుపు, 15కు నీలం, 20కి పసుపు రంగులు ఉంటాయి. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే తీగలో లోపం ఉన్నట్లు. రాగి తీగ చుట్టి నడిపించడం కారుకు నిప్పు పెట్టడంతో సమానం. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ తీగను ముందు తీసి, బిగించేటప్పుడు చివర బిగించాలి. మల్టీమీటరుతో చూస్తే నిలిచి ఉన్న మంచి బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. యంత్రం నడుస్తున్నపుడు 13.8 నుండి 14.4 వరకు ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్లు. ఈ ఒక్క పరీక్ష తెలిసినవారు అనవసరంగా కొత్త బ్యాటరీ కొనరు.

ఈశాన్య ఋతుపవనం అక్టోబరులో వస్తుంది. అంతకు ముందే తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలను సన్నని పుల్లతో శుభ్రం చేయాలి. అవి మూసుకుపోతే నీరు లోపలే నిలిచి తలుపు అడుగు తుప్పు పడుతుంది.

విడిభాగాల వేట

విడిభాగాలకు సరిహద్దు గ్రామాలవారు వెళ్ళేది చెన్నపట్నానికే. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త భాగాలు, పుదుప్పేటలో పాత కార్ల నుండి విప్పిన భాగాలు దొరుకుతాయి. వెళ్ళే ముందు పాత భాగం మీది అంకెలను కాగితంపై రాసుకోవాలి, వీలైతే ఆ భాగాన్నే వెంట తీసుకుపోవాలి. లాన్సర్ అని మాత్రం చెబితే పెట్రోలుదా, డీజిలుదా, సెడియాదా అన్న గందరగోళంలో తప్పు వస్తువు ఇంటికి చేరుతుంది.

విప్పిన భాగాలలో తలుపు, అద్దం, దీపం, సీటు వంటివి కొనవచ్చును. బ్రేకు ప్యాడ్లు, బ్రేకు గొట్టాలు, టైమింగ్ బెల్టు, టైర్లు మాత్రం ఎంత చవకగా దొరికినా పాతవి కొనరాదు. ఏది కొన్నా రసీదు తీసుకోవాలి. రసీదు ఇవ్వని చోట యంత్రం, గేరు పెట్టె వంటి పెద్ద భాగాలు కొనడం దొంగసొత్తుకు చేయి చాచడమే కావచ్చు.

ఇంటిలో ముట్టరానివి

స్టీరింగు అనుసంధానాలు, సస్పెన్షన్ స్ప్రింగులు, గాలి సంచీలు, ఎ.సి. వాయువు అనే నాలుగింటి జోలికి ఇంటివారు పోరాదు. నొక్కి ఉన్న స్ప్రింగు తప్పి ఎగిరితే తుపాకి గుండు వంటిది. గాలి సంచీ పొరపాటున పేలితే ముఖం దెబ్బతింటుంది. స్టీరింగులో ఒక పిన్ను మరచినా దాని ఫలితం రోడ్డు మీద తెలుస్తుంది. ఈ పనులకు ఇచ్చే కూలి ఖర్చు కాదు, కుటుంబ రక్షణ.

రెండు రాష్ట్రాల కాగితాలు

1960 ఏప్రిల్ 1న హద్దులు మారి తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశానికి చేరినవి. ఊళ్ళు విడిపోయినా బంధుత్వాలు విడిపోలేదు. నగరిలోని మేనమామ కారు తిరుత్తణిలోని మేనల్లునికి చేరడం ఇక్కడ వింత కాదు. అయితే కారు చేతులు మారినపుడు కాగితాలు కూడా మారాలి. ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచినట్లయితే అక్కడి నమోదు సంఖ్యకు దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతున్నది. అందుకు మొదటి ఆర్టీవో కార్యాలయం నుండి 28వ నమూనాలో నిరభ్యంతర పత్రం పొందాలి.

సొంత కారు నమోదు 15 ఏళ్ళ వరకు చెల్లుతుంది. ఆ తరువాత 25వ నమూనాలో దరఖాస్తు చేసి, తనిఖీలో నెగ్గితే అయిదేళ్ళ చొప్పున పొడిగింపు లభిస్తుంది. 15 ఏళ్ళు దాటిన కార్లన్నీ తుక్కుకు పోవలసిందేనన్న మాట గ్రామాలలో వినిపిస్తూ ఉంటుంది. వయస్సును బట్టి వాహనాలను నిలిపివేయాలన్న ఆదేశాలు ఢిల్లీ, దాని పరిసర ప్రాంతాలకు సంబంధించినవి. తిరువళ్ళూరు, చిత్తూరు, తిరుపతి జిల్లాలలో తనిఖీలో నెగ్గిన కారుకు నమోదు పొడిగింపు ఉన్నది. పాత ఉద్గార ప్రమాణాల కారుకు కాలుష్య పరీక్ష పత్రాన్ని ఆరు నెలలకొకసారి తీసుకోవాలి. బీమా గడువు ఒక్కరోజు కూడా తప్పరాదు.

లెక్కల పుస్తకం

ఇన్ని పనులలో అతి చవకైనది, అతి విలువైనది ఒక నోటు పుస్తకం. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, వాడిన భాగం అంకె, ఖర్చు అనే అయిదు గడులు గీసి, ప్రతి పనిని అందులో రాయాలి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చినది, బ్రేకు నూనె గడువు ఎప్పుడు, ఏ దుకాణంలో ఏ భాగం దొరికినది అన్న సంగతులు జ్ఞాపకం మీద ఆధారపడరాదు. పాత పనులు తెలిసిన మెకానిక్ వృద్ధాప్యంలో షెడ్డు మూసినా, కారు అన్న చేతి నుండి తమ్మునికి వెళ్ళినా ఆ పుస్తకం వెంట ఉంటుంది.

ఏడాది చివర ఆ పుస్తకంలోని ఖర్చును కూడి చూడాలి. బ్రేకులకు, రబ్బరు భాగాలకు పెట్టిన ఖర్చు మొదటి ఏడాది ఎక్కువగా ఉండి, తరువాత తగ్గడం సహజం. అలా తగ్గక ఏటేటా పెరుగుతూ, అడుగు చట్రం కూడా తుప్పు పట్టినట్లయితే ఆ కారును నిలిపివేయడమే వివేకం. ఆ నిర్ణయం మమకారాన్ని బట్టి కాక లెక్కను బట్టి జరగాలి. లెక్క సరిగా ఉండి, ఆగమన్నచోట ఆగుతూ, ఎండలో వేడెక్కకుండా నడుస్తున్నంత కాలం తిరువళ్ళూరు లాన్సర్ తిరుత్తణి రోడ్డు మీద మరికొన్నేళ్ళు నిశ్చింతగా తిరగగలదు.